బండ పలుకు

బాయి దిగే ముందు జేబులు తడుముతారు. బీడీకట్ట, అగ్గిపెట్టె, లైటర్, ఈమధ్యైతే సెల్‌ఫోన్, ఏదున్నా పైన వదిలిపెట్టే పోవాలి. బొగ్గుబాయి గాలిలో మీథేన్ నూటికి 5 నుంచి 15 వంతుల దాకా చేరిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు, దారి పొడవునా మంట పరుగెత్తుతుంది. హంఫ్రీ డేవీ 1815లో మంట చుట్టూ సన్నటి జాలీ కట్టి బాయి దీపం తయారుచేసింది ఈ భయంతోనే. రవ్వ బీడీదా, కెమెరా బ్యాటరీదా అని మీథేన్ అడగదు. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ ఒప్పుకున్న పరికరాలు తప్ప ఇంకే కరెంటు వస్తువూ కిందికి పోవడానికి లేదు.

అందుకే బెల్లంపల్లిలో ఇరవై ఏళ్లు టీవీ ఛానళ్లకు ఊరి విలేకరిగా, స్ట్రింగర్‌గా తిరిగిన నేను, మా ఊరు దేనివల్ల ఊరైందో దాన్ని ఒక్కసారి కూడా తెర మీద చూపించలేదు. చూపించిందంతా పైదే. తిరిగే చక్రం, గేటు, గేటు ముందు యూనియన్ల జెండాలు, ల్యాంప్‌రూమ్ కిటికీ, నల్లటి మొహాలతో బయటికొచ్చే మనుషులు. కింద జరిగింది వాళ్ల నోట విని రాసుకున్నదే. "విజువల్ లేకపోతే వార్త లేదు" అని మా డెస్కులో అంటుండేవాళ్లు. ఆ లెక్కన నిజాం కాలం నుంచీ మా దగ్గర వార్తే లేదు.

మొన్న మా వాడకట్టు పిల్లాడొకడు ఇంటికొచ్చాడు. డిగ్రీ అయిపోయింది, యూట్యూబ్ ఛానల్ పెడతాడట.

"అన్నా, ఏ ఫోన్ కొనాలె? ముప్పై వేల దాకా అనుకుంటున్న."

"ఉన్న ఫోనుకేమైందిరా?"

"కెమెరా మంచిగ లేదన్నా."

"మరి మైకు?"

"మైకెందుకన్నా, ఫోన్ల ఉంటది గద."

వాడి తప్పేం లేదు. నేను కూడా ఈ పనిలోకి వచ్చినప్పుడు కెమెరా అంటే కన్నే అనుకున్నాను. చెవి సంగతి తెలియడానికి నాకు ఒక క్యాసెట్టు, ఒక పెద్దమనిషి మాట ఖర్చయ్యాయి. ఆ కథకు వస్తాను. నిజానికి చెవి విలువ నాకు అంతకు ముందే, మా ఇంట్లోనే తెలిసి ఉండాల్సింది.

మా బాపు తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారతో, బొగ్గు నింపే ఫిల్లర్‌గా చేరి, తర్వాత టింబర్‌మ్యాన్ అయ్యాడు. టింబర్‌మ్యాన్ అంటే పై బండ కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టేవాడు. బొగ్గు తీసిన చోట తల మీద ఉండేది ఆకాశం కాదు, బండ. ఆ బండ గట్టిగా ఉందా, పొర విడిచిందా అన్నది క్యాప్ ల్యాంప్ వెలుగులో కంటికి కనపడదు. కర్రతో తట్టి వినాలి. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిచింది బొదబొదమంటుంది. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు అవ్వ వేలు మడిచి కొట్టి చూసేది చూడండి, అదే విద్య. కాకపోతే కుండ పగిలితే నీళ్లు పోతాయి.

"బండ పలుకుతదిరా, మనం ఇనాలె" అనేవాడు బాపు. ఇంట్లో ఈ మాట తప్పించుకోవడం కష్టం. అవ్వ ఏదైనా చెప్తుంటే మేం వినకపోతే "బండ పలుకుతుంది, ఇనుండ్రి" అని ఎగతాళి చేసేవాడు. ఆమె బండ అన్నందుకు అలిగేది.

దిమ్మెల గురించి ఆయనకు ఇంకొక మాట ఉండేది. కర్ర దిమ్మె మీద బరువు పెరిగితే అది ముందు కిరకిరమంటుంది, చిటపటమంటుంది, ఆ తర్వాతే విరుగుతుంది. ఆ చప్పుడు విని మనుషులు పక్కకు పరుగెత్తి బతికారు. ఇనుప దిమ్మె బలమైనదే, కానీ దానికి అంత మాట్లాడే అలవాటు లేదు. ఇప్పుడు బండలోకి బోల్టులు దించుతున్నారు, అవి ఇంకా బలమైనవి, భద్రమైనవి. ఆ సంగతి బాపు కూడా ఒప్పుకునేవాడు. ఒప్పుకుంటూనే "కర్రయితే చెప్పి పోయేది" అని ఒక ముక్క కలిపేవాడు.

ఇక నా క్యాసెట్టు కథ. తెలుగులో దినమంతా వార్తలిచ్చే ఛానళ్లు అప్పుడప్పుడే మొదలయ్యాయి. 2003 చివర్లో ఈటీవీ2, మరుసటి నెలే టీవీ9. ఒక్కసారిగా ప్రతి నియోజకవర్గానికీ ఒక విలేకరి కావలసివచ్చాడు. మాలాంటివాళ్లం అప్పుచేసి కెమెరాలు కొన్నాం. సోనీ పీడీ 150 చేతిలో ఉందంటే ఊళ్లో సర్పంచి కూడా కుర్చీ వేసేవాడు. అందులో మినీ డీవీ క్యాసెట్టు, చిన్న సబ్బుబిళ్ల కంటే చిన్నది. మామూలు పద్ధతిలో రికార్డు చేస్తే గంట వస్తుంది, డీవీక్యామ్ పద్ధతిలో పెడితే నలభై నిమిషాలే. క్యాసెట్టు ఖరీదు ఎక్కువ, వార్తకు వచ్చేది తక్కువ, కాబట్టి ఒక్కో క్యాసెట్టు మీద పదిసార్లు రుద్దేవాళ్లం. నిన్నటి ధర్నా మీద ఇవాళ్టి రాస్తారోకో. రికార్డయ్యాక కాగితంలో చుట్టి, పేరు రాసి, పొద్దున భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ పోయే ఎవరో ఒకరి చేతిలో పెట్టేవాళ్లం. మా వార్త రైలెక్కి పోయేది. రైలు లేటైతే వార్త పాతబడేది.

అప్పుడొక రోజు, కన్నాల వైపు ఉండే ఒక రిటైరైన కార్మికుడి దగ్గరికి పోయాను. వరసకు మామ అవుతాడు. టబ్బుల కాలం మనిషి. బొగ్గు నింపిన టబ్బును తోసుకుంటూ పోతుంటే ఎదురుగా హాలర్ తాడు తెగి, ఖాళీ టబ్బులు వాలులో విడిపోయి రావడం, చీకట్లో ఆ చప్పుడు విని గోడ గూటిలోకి దూరి బతకడం, ఇదంతా ఆయన ఇరవై నిమిషాలు చెప్పాడు. నోటితో టబ్బుల చప్పుడు చేసి చూపించాడు. గూటిలో తన పక్కనే నక్కిన ఇంకొక మనిషి పళ్లు కొరుకుతున్న చప్పుడు కూడా చేసి చూపించాడు. "టబ్బులకు భయమైంది గని, ఆని పండ్లకే ఎక్కువ భయమైంది" అన్నాడు. నేను కెమెరాలోంచి కన్ను తీయలేదు. ఫ్రేము బంగారంలా కుదిరింది. వెనక తడిక, పక్కన కాగుతున్న చాయ, మొహం మీద ఏటవాలు ఎండ.

ఇంటికొచ్చి వేసి చూస్తే బొమ్మ ఉంది, మాట లేదు. చెవి ఆనించి వింటే ఎక్కడో పాతాళంలో గుసగుస, దాని మీద సన్నటి ఇసుక రాలుతున్న చప్పుడు. మైకు దూర్చే చోట ఒక చిన్న మీట ఉంటుంది. దాని మీద లైన్, మైక్ అని ఉంటాయి. లైన్ వైపు పెడితే మిక్సర్ నుంచి వచ్చే పెద్ద సంకేతాన్ని మాత్రమే తీసుకుంటుంది, మామూలు మైకు గొంతు దానికి ఆనదు. ముందురోజు ఒక మీటింగులో సౌండ్‌బాక్స్ వాళ్ల దగ్గర్నుంచి తీగ లాక్కున్నప్పుడు నేనే అటు జరిపాను, తిరిగి ఇటు జరపలేదు. హెడ్‌ఫోన్ సంచిలోనే ఉంది. పెట్టుకుంటే ఆ క్షణంలోనే తెలిసేది. ఎందుకు పెట్టుకోలేదంటే, నిజం చెప్తాను, పెద్దమనిషి ముందు చెవులకు డబ్బాలు తగిలించుకుంటే బాగుండదనిపించింది.

మూడోనాడు మళ్లీ పోయాను. మామ ఏమనుకోలేదు, మళ్లీ చెప్పాడు. ఈసారి తెల్లంగి తొడుక్కున్నాడు. తల దువ్వుకున్నాడు. గొంతు సవరించుకుని, "ఆ రోజుల్లో మేము గనిలో విధులు నిర్వహిస్తుండగా" అని మొదలుపెట్టాడు. మొదటిసారి "బాయిల" అన్న మనిషి ఇప్పుడు "గనిలో" అన్నాడు. "ఉరికొచ్చిన" అన్నది "పరుగెత్తుకొచ్చాను" అయింది. టబ్బుల చప్పుడు చేయలేదు. పళ్లు కొరికినవాడు మాయమయ్యాడు. అడిగితే "అదెందుకులే టీవీల, ఆయనకు మనుమలున్నరు" అన్నాడు. రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. శబ్దం అద్భుతంగా వచ్చింది. ఛానల్ వేసింది కూడా. అందరూ బాగుందన్నారు.

అప్పట్నుంచి నాకు ఒక పట్టింపు. మనిషి ఏ మాటైనా మొదటిసారి చెప్పేటప్పుడే చెప్తాడు. రెండోసారి అప్పజెప్తాడు. "ఆగండి, మైకు పెట్టాక మళ్లీ చెప్పండి" అన్నామంటే సగం పోగొట్టుకున్నట్టే. అందుకే ఇంటి గడప తొక్కకముందే మీట చూసుకోవాలి, బ్యాటరీ చూసుకోవాలి, చెవికి తీగ తగిలించుకోవాలి. బాగుండదనిపించినా సరే. ఇప్పుడు నేను ముందే చెప్పేస్తాను, "మామా, నాకు చెవులు మందం, ఇది పెట్టుకుంటేనే ఇనవడ్తది" అని. నవ్వుతారు. నవ్వినాక బాగా మాట్లాడతారు.

మైకు గురించి పుస్తకాలు చాలా చెప్తాయి, మా బెల్లంపల్లి క్వార్టర్లలో పనికొచ్చేవి రెండు మూడే. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. దూరం రెట్టింపైతే గొంతు బలం నాలుగో వంతుకు పడిపోతుంది, కానీ పైన తిరిగే ఫ్యాను బలం అంతే ఉంటుంది. ఎడిటింగులో గొంతు పెంచితే ఫ్యాను కూడా పెరుగుతుంది. కాబట్టి ఫ్యాను ఆపమనాలి. మే నెలలో మా ఊళ్లో ఫ్యాను ఆపమనడం ఎంత ధైర్యమో ఇక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. ఎండలు నలభై అయిదు దాటే నేల ఇది. బైటు కోసం, అంటే కెమెరా ముందు చెప్పే నాలుగు మాటల కోసం, చెమటోడ్చారు అన్న మాట మా దగ్గర అలంకారం కాదు. గాలి వీస్తుంటే మైకుకు స్పంజి తొడగాలి, లేకపోతే పల్చటి దస్తీ చుట్టినా గండం గడుస్తుంది. మాట్లాడటం అయిపోయాక లేచిపోకుండా, ఆ గదిలోని చప్పుడును ఉత్తగా అర నిమిషం రికార్డు చేసుకోవాలి. మాటల మధ్య కోసి అతికినప్పుడు ఆ అతుకు కనపడకుండా చేసేది అదే, గోడకు పూసే సున్నంలాగ.

ఫోన్లతో ఒక చిక్కుంది. అవి అతి తెలివైనవి. చుట్టూ గోల తగ్గితే వాటంతట అవే మైకు బలం పెంచుతాయి, గోల పెరిగితే తగ్గిస్తాయి. చాలా ఫోన్లు మనిషి గొంతు కానిదాన్నంతా చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. ఆ పిల్లాడికి ఇదే చూపించాను. నా ఫోన్లో శాంతిఖని దారిలో తీసిన వీడియో ఒకటి వేశాను. "ఏమినవడ్తుంది?" "మీ గొంతు." "వెనక?" "ఏం లేదు." వెనక రైల్వే గేటు పడుతోంది, గంట మోగుతోంది, బొగ్గు వ్యాగన్లు యాభై పైచిలుకు దడదడమని పోయాయి. ఫోను వాటిని తుడిచేసింది. నాకు వెంటనే బాపు ఇనుప దిమ్మె గుర్తొచ్చింది. చప్పుడు చేయనిదల్లా మంచిది కాదు.

ఇంకొక సంగతి. అండర్‌గ్రౌండ్‌లోకి కెమెరా పోదు, ఓపెన్‌కాస్ట్‌లోకి అనుమతి తీసుకుని టోపీ పెట్టుకుంటే పోతుంది. అక్కడ ఏముంది? ఇల్లంత టైర్లున్న డంపర్లు, ఏనుగు తొండంలాంటి షవల్, మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు లేచే దుమ్ము గోపురం. కెమెరాకు పండగే. అందుకే సింగరేణి అనగానే ఏ ఛానల్ అయినా వేసే బొమ్మ అదే. కంపెనీ 2023-24లో తీసిన సుమారు 7 కోట్ల టన్నుల్లో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌దే కాబట్టి ఆ బొమ్మ అబద్ధం కాదు. కానీ ఎక్కువ మంది మనుషుల కథ ఉన్నది ఆ కెమెరా పోని చోట. కోట్లమందికి గుర్తుండేది చూపించగలిగిందే, జరిగింది కాదు. ఈ వృత్తిలో ఇంతకాలం ఉండి నేను తెలుసుకున్న చేదు ముక్కల్లో ఇదొకటి.

బొమ్మ సంగతి అది, ఇక మాట సంగతి. తెలుగు టీవీలో మొదటి వార్తలు చదివిన శాంతిస్వరూప్ 2024 ఏప్రిల్ 5న కాలం చేశారు. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో ఆయన మొదటి బులెటిన్ చదివేనాటికి టెలీప్రాంప్టర్ లేదు. కాగితంలోకి తల వంచకుండా కెమెరాలోకి చూస్తూ చెప్పడానికి వార్తలన్నీ ముందే కంఠతా పట్టేవారట. ఆ జ్ఞాపకశక్తికి అందరం దండం పెట్టాం. నాకు అందులో ఇంకొకటి కనపడింది. కంఠతా రావాలంటే వాక్యం నోటికి పట్టాలి. "మృత్యువాత పడ్డారు", "దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు", "హుటాహుటిన సంఘటనా స్థలానికి చేరుకున్నారు" అని రాసి అద్దం ముందు నిలబడి చూడకుండా చెప్పండి, నాలుక ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది. మా బస్తీలో ఎవరైనా బాయిల పోతే "బాయిల పోయిండు" అంటారు. ఆ రెండు మాటలు చెప్పడానికి టెలీప్రాంప్టర్ అక్కర్లేదు.

కెమెరా కోణాల గురించి నాకు పాఠం చెప్పింది ఏ ఇన్‌స్టిట్యూటూ కాదు, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ ఆడవాళ్లు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, ఎక్కువమంది చదువు రానివాళ్లు, కెమెరా పట్టుకుని సినిమాలు తీశారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలుపెట్టింది కూడా వాళ్లే. దూరదర్శన్‌లో పనిచేసి తర్వాత ఆ సొసైటీకి వెన్నెముకైన పి.వి. సతీశ్, 2023లో పోయేదాకా, వాళ్ల షాట్ల సంగతి చాలాచోట్ల చెప్పేవారు. పైనుంచి కిందికి చూసే షాటుకు ఆ ఆడవాళ్లు పెట్టుకున్న పేరు పటేలు షాటు. కింది నుంచి పైకి చూసేది బానిస షాటు. కంటికి కన్ను ఎదురుగా పెట్టేది సంఘం షాటు, ఎందుకంటే సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో వీటికి ఏ పేర్లున్నా నాకు ఇవే పేర్లు.

ఈ పేర్లు విన్నాక నా పాత టేపులు వేసుకుని చూశాను. బాయి గేటు దగ్గర, ఆసుపత్రి దగ్గర, ఏడుస్తూ నేల మీద కూలబడ్డ ఆడవాళ్లు. వాళ్ల మీద మా కెమెరాలు. పదిమందిమి నిలబడి, చేతులు చాపి, ఛానళ్ల లోగోలు ఆమె గడ్డం కింద గుచ్చి. అన్నీ పటేలు షాట్లే. మా బాపు ఎప్పుడైనా బాయి లోపలే ఉండిపోయి ఉంటే మా అవ్వ మొహం మీద కూడా ఇదే షాటు పడేది. అది మొదలు నేను కూర్చుంటున్నాను. మోకాళ్లు నొస్తాయి. మిగతావాళ్ల కాళ్లు నా ఫ్రేములోకి వస్తాయి. ఛానల్‌వాళ్లు ఒకసారి "నీ విజువల్స్‌లో కాళ్లెక్కువుంటయి" అన్నారు. ఉంటే ఉండనీ.

బాయి గేటు మాట వచ్చింది కాబట్టి అంకెల మాట కూడా చెప్పాలి. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. నేను ఇంకా ఈ పనిలోకి రాలేదు. ఇంట్లో వార్త తెలిసినప్పుడు వాడకట్టులో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. బాపు అవేం పట్టించుకోలేదు. "ఎన్ని ల్యాంపులు వాపస్ రాలేదట?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. ప్రతి మనిషికీ దిగేముందు నంబరున్న ల్యాంపు ఇస్తారు, ఎక్కి వచ్చాక అప్పగిస్తాడు. ల్యాంప్‌రూమ్‌లో ఖాళీగా ఉన్న గూళ్లే లోపల ఉన్న మనుషులు. మస్టర్ తర్వాత అంత నిక్కచ్చి లెక్క అదొక్కటే.

తర్వాత కాలంలో ఏ బాయి దగ్గర బండ పడ్డా, నాకు డెస్క్ నుంచి ఫోన్ వచ్చేది. "వాళ్లు అయిదుగురని వేస్తున్నరు, మనం ఎంత?" ఫోనో, అంటే ఫోన్లోనే లైవ్ వార్త, ఇస్తుండగానే అడిగేవాళ్లు. ల్యాంప్‌రూమ్ లెక్క రానియ్యండి అంటే కోపం. రెండుసార్లు నేను వెనకబడ్డాను, రెండుసార్లు అవతలివాళ్ల స్క్రోలింగు తప్పయింది. మూడోసారి నేనే తొందరపడి ఒకటెక్కువ చెప్పాను. ఆ మనిషి నైట్ షిఫ్టు మార్చుకుని ఇంట్లో పడుకుని ఉన్నాడు. వాళ్లావిడ నా వార్త విని గేటు దాకా ఉరికొచ్చింది, ఆయన ఆమె వెనకే చొక్కా వేసుకుంటూ ఉరికొచ్చాడు. ఆ ఇద్దరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇవన్నీ విన్నాక ఆ పిల్లాడు "అయితే ఫోన్ కొనొద్దా అన్నా?" అన్నాడు. కొనరా, కొను. కానీ ముందు వైరున్న ఇయర్‌ఫోన్లు ఒక రెండు వందలు పెట్టి కొను, బ్లూటూత్‌వి వద్దు, అవి మాటను కొంచెం ఆలస్యంగా వినిపిస్తాయి. ఇంకొంచెం డబ్బుంటే కాలర్ మైకు. ఇవి లేకుండా ముప్పై వేల ఫోనైనా మా మామ తెల్లంగిలాగే, చూడ్డానికి బాగుంటుంది.

వాడు పోయాక నేను నా టేపుల పెట్టె తెరిచాను, వేరే కారణానికి. బెల్లంపల్లిలో ఒక్కో బాయీ మూతపడుతూ వచ్చింది. సింగరేణి ఏరియా పేరు ఇప్పటికీ బెల్లంపల్లే, జీఎం ఆఫీసు మాత్రం గోలేటిలో. మా చిన్నప్పుడు ఈ ఊరికి గడియారం సైరన్. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. దాన్ని బట్టే అవ్వ పొయ్యి అంటించేది, దాన్ని బట్టే బడి గంట. వేళ కాని వేళ మోగిందంటే బస్తీ బస్తీ తలుపులు తెరుచుకునేవి, ఎవరూ ఏమీ అడక్కుండా బాయి దిక్కు నడిచేవాళ్లు. ఆ కూత ఎట్లుండేదో ఆ పిల్లాడికి వినిపిద్దామని వెతికాను. ఎమ్మెల్యేల ప్రసంగాలున్నాయి, గేట్ మీటింగులున్నాయి, ముగ్గుల పోటీలున్నాయి. సైరన్ లేదు. రోజుకు మూడుసార్లు మోగేదాన్ని ఎవరు రికార్డు చేస్తారు? మోగుతుంటే కెమెరా ఆపేవాళ్లం, బైటు పాడవుతుందని.

తర్వాత ఒక మాట తట్టింది. తొంభైల్లో మా క్వార్టర్లలో ఎవరింట్లో పెళ్లయినా వీడియో తీయించేవారు. ఆ పెద్ద వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో, బీరువా పైన, పాత బట్టల మూటల కింద ఉన్నాయి. ముహూర్తానికీ షిఫ్టుకూ సంబంధం లేదు కాబట్టి, పుస్తె కడుతుండగానో భోజనాల దగ్గరో వెనక సైరన్ మోగే ఉంటుంది. చాలా క్యాసెట్లలో మిక్సింగ్‌వాళ్లు సినిమా పాటలు నింపేసి దాన్ని చంపి ఉంటారు. కానీ వంటలు, బంతిభోజనాలు, అప్పగింతల లాంటి చోట్ల, పని ఎగ్గొట్టిన మిక్సింగ్‌వాడెవడో పాట పెట్టకుండా వదిలేసి ఉంటాడు. ఆ బద్ధకస్తుడికి ఈ ఊరు రుణపడి ఉంది.

బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, కొత్తగూడెం, ఎక్కడివాళ్లైనా సరే. మీ ఇంట్లో అలాంటి క్యాసెట్టుంటే పాత సామాన్లవాడికి వేయకండి. టేపుకు బూజు పట్టకముందే ఫోటోస్టూడియోలో ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించండి. పాట లేని చోట్లు వినండి. వెనక సన్నగా మొదలై లేచే కూత వినిపిస్తే, అందులో పెళ్లికొడుకు మొహం కనపడకపోయినా ఫర్వాలేదు, నాకొక ఫోన్ చేయండి.